త్యాడలో గూడ్స్ వెళ్ళిపోయాక కొండ కదిలినట్టనిపించింది, ఇది కంటి పనా మెదడు పనా?

లాసన్స్‌బే
మొన్న ఆదివారం కిరండోల్ పాసింజర్లో పిల్లల్తో అరకు వెళ్ళేం. త్యాడలో క్రాసింగ్ కోసం మా బండి ఆపేసేరు, పక్క లైన్లో ఐరన్ ఓర్ లోడుతో గూడ్స్ కిందకి దిగుతోంది, అది వెళ్తూనే ఉంది వెళ్తూనే ఉంది, నేను కిటికీ ఊచ మీద తుప్పు మచ్చ ఒకటుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను, దాని వెనకాల వేగన్లు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. ఆఖర్న బ్రేక్‌వేన్ దాటింది. అప్పుడు ఎదురుగా ఉన్న కొండ, రాళ్ళు, సిగ్నల్ స్తంభం అన్నీ కుడి నుంచి ఎడమకి మెల్లగా పాకడం మొదలెట్టేయి! చిత్రం ఏటంటే పాకుతున్నాయి గానీ ఎక్కడికీ పోవట్లేదు. ఊచ పక్కనున్న రాయి ఊచ పక్కనే ఉంది, అయినా కదులుతోంది. కాసేపటికి తగ్గిపోయింది. మా ఆయనకి చెప్తే కళ్ళు తిరిగుంటాయి బీపీ చూపించుకో అంటున్నారు. కళ్ళు తిరగలేదండీ, మా బండి కూడా కదల్లేదు. ఎవరికైనా ఇలా అయిందా, కంట్లో ఏదైనా తేడానా?

కంచరపాలెం కుర్రోడు
అక్కా మీకేం కాలేదు, మా ఇల్లు ట్రాక్ పక్కనే, చిన్నప్పట్నించీ గూడ్సులు చూసి చూసి నాకిది అలవాటే. బల్బు కేసి చూసి కళ్ళు మూసుకుంటే మచ్చ కనిపిస్తాది కదా అలాంటిదే, కన్ను అలిసిపోతాది అంతే. నా లెక్క ప్రకారం ఇది పూర్తిగా కంటి లోపలి వ్యవహారం, మెదడు దాకా వెళ్ళక్కర్లేదు.

మద్దిలపాలెం ఫిజిక్స్
బీపీకీ దీనికీ సంబంధం లేదమ్మా, నిశ్చింతగా ఉండండి. దీన్ని మోషన్ ఆఫ్టర్‌ఎఫెక్ట్ అంటారు. 1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లాండ్‌లో ఫాయర్స్ జలపాతం దగ్గర నీళ్ళని కాసేపు తదేకంగా చూసి, పక్కనున్న బండరాళ్ళ కేసి చూపు తిప్పితే ఆ రాళ్ళు పైకి వెళ్తున్నట్టు కనిపించేయని రాసేడు. అందుకే వాటర్‌ఫాల్ ఇల్యూజన్ అని కూడా పేరు. మీకు జలపాతం బదులు గూడ్సు దొరికింది.

ఇలా ఎందుకవుతుందంటే మన చూపు వ్యవస్థలో కదలికని పట్టుకునే నాడీకణాలు వేరే ఉంటాయి, ఎడమకి కదిలితే గట్టిగా స్పందించేవి కొన్ని, కుడికి కదిలితే స్పందించేవి కొన్ని. ఏదీ కదలనప్పుడు కూడా ఇవి రెండూ కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంటాయి, తక్కెడలో రెండు పళ్ళేలూ సమానంగా ఉన్నట్టు, కాబట్టి మెదడు 'కదలిక లేదు' అని తీసుకుంటుంది. నిమిషాల తరబడి కుడివైపు కదలికే చూపిస్తే కుడివైపు కణాల జోరు తగ్గిపోతుంది. గూడ్సు వెళ్ళిపోగానే వాటి స్పందన మామూలు కన్నా కింద ఉంటుంది, ఎడమవైపు కణాలది మామూలుగానే ఉంటుంది, తక్కెడ ఎడమకి మొగ్గుతుంది, కొండ ఎడమకి పాకుతుంది. మరి స్థానం మారలేదేం అన్నారు చూడండి, అది చాలా మంచి పరిశీలన. ఒక వస్తువు ఎక్కడుంది అన్నది చెప్పే లెక్క వేరు, కదులుతోందా లేదా అన్నది చెప్పే లెక్క వేరు, మామూలప్పుడు రెండూ ఒకే మాట చెప్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. త్యాడలో మీకు ఆ రెండూ విడివిడిగా తెలిసేయి.

ఇంకోటి, మీరు తుప్పు మచ్చని చూస్తూ ఉండటం వల్లే ఇంత బాగా కనిపించింది. వేగన్లని కంటితో వెంబడిస్తూ పోతే ఇంత జోరుగా రాదు.

కంటి పనా మెదడు పనా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. ఎడమ కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, కుడి కంటితో మాత్రమే కదలికని ఒక నిమిషం చూడండి. ఆగిపోగానే కుడి కన్ను మూసేసి ఎడమ కన్ను తెరిచి కదలని దాన్ని చూడండి. ఎడమ కన్ను అసలు కదలికే చూడలేదు కదా. అంతా కంట్లోనే జరిగితే ఎడమ కంటికి ఏమీ కనిపించకూడదు. రైలే అక్కర్లేదు, సినిమా అయిపోయాక పేర్లు పైకి వెళ్తుంటాయి కదా, తెర మధ్యలో ఒక బొట్టుబిళ్ళ అంటించి దాన్నే చూడండి చాలు.

గాజువాక స్టీల్
కంచరపాలెం తమ్ముడూ, బల్బు మచ్చా ఇదీ ఒకటి కాదు. ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్ళం నీలం అద్దాలు పెట్టుకునే చూస్తాం, పొరపాట్న ఉత్త కంటితో చూస్తే మచ్చ పడుతుంది, ఆ మచ్చ నువ్వు కన్ను ఎటు తిప్పితే అటు వస్తుంది, గోడ మీద చూస్తే గోడ మీద, కాగితం మీద చూస్తే కాగితం మీద. ఎందుకంటే రెటీనాలో, అదే కంటి లోపల వెనకాల ఉండే తెరలో, అంతమేర రంగు పదార్థం ఖర్చయిపోయింది, అది తిరిగి తయారయ్యేదాకా ఉంటుంది. అది నిజంగా కంటి సంగతి. దాన్ని ఇలాగే ఒక కంటితో చూసి ఇంకో కన్ను తెరిస్తే ఆ కంటికి ఉండదు. అంచేత ఫిజిక్స్ గారి పరీక్ష చేసి చూడు, రెండింటికీ తేడా నీకే తెలుస్తాది.

కంచరపాలెం కుర్రోడు
చేసేసేను! పొద్దున్న ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నించుని చేసేను, బొగ్గు లోడు ఒకటి వచ్చింది. కుడి కంటితో చూసి, అయిపోగానే ఎడమ కన్ను తెరిచి కింద కంకర కేసి చూస్తే కంకర పాకింది గురూ. కానీ ఒక్క మాట, జోరు తక్కువ. మళ్ళీ ఇంకో బండికి కుడి కంటితోనే చూసి కుడి కంటితోనే కంకర చూస్తే బాగా గట్టిగా పాకింది. అంటే కొంత కంటిదీ కొంత మెదడుదీ అనుకోవాలా?

మద్దిలపాలెం ఫిజిక్స్
సరిగ్గా పట్టుకున్నావు తమ్ముడూ, ల్యాబుల్లో చేసినవాళ్ళకి కూడా ఇలాగే వస్తుంది, రెండో కంటికి బదిలీ అవుతుంది గానీ మొత్తం అవ్వదు. అయితే 'కొంత కంటిది' అనేముందు ఒకటి చూడాలి. రెటీనా నుంచి వచ్చే వార్త కంటి నరం, అదే ఆప్టిక్ నెర్వ్, ద్వారా మెదడు మధ్యలో థాలమస్ అనే భాగానికి, అక్కణ్ణించి తల వెనక భాగంలో ఉన్న ప్రైమరీ విజువల్ కార్టెక్స్‌కి, అంటే చూపు వార్తలు ముందుగా చేరే మెదడు పై పొరకి, వెళ్తుంది. దారిలో ప్రతి కంటి నరంలోనూ ముక్కు వైపు సగం తీగలు అవతలికి దాటిపోతాయి, అంచేత నీ ఎడమవైపు ఉన్నదంతా, ఏ కంటితో చూసినా, కుడి మెదడుకి చేరుతుంది. అయినా ఏ కన్ను తెచ్చిన వార్త ఆ కంటిదిగానే కార్టెక్స్ గుమ్మం దాకా విడిగా ఉంటుంది, ఆ గుమ్మం దాటేకే రెండు కళ్ళనీ కలిపి చూసే కణాలొస్తాయి. కాబట్టి ఒకే కంటికి పరిమితమైన భాగం కూడా కార్టెక్స్‌లోనే మొదటి మెట్టు మీద జరగొచ్చు.

కుందేలు విషయంలో మాత్రం నీ మొదటి మాటే రైటు. 1963లో బార్లో, హిల్ అనే ఇద్దరు కుందేలు రెటీనాలోని కణాలని కొలిచేరు, అక్కడ దిక్కుని గుర్తుపట్టే కణాలు కంట్లోనే ఉన్నాయి, ఒకే దిక్కు కదలిక చాలాసేపు చూపించి ఆపేస్తే వాటి స్పందన మామూలు స్థాయి కన్నా కిందకి పడిపోయింది. పైన నేను చెప్పిన తక్కెడ లెక్కకి మొదటి గట్టి సాక్ష్యం అదే. పిల్లుల్లో, కోతుల్లో ఇలాంటి కణాలు కార్టెక్స్‌లో దండిగా దొరికేయి. హ్యూబెల్, వీసెల్ అని ఇద్దరు పిల్లి మెదడులో సూదిలాంటి ఎలక్ట్రోడు పెట్టి గుండ్రటి చుక్కలు చూపిస్తుంటే కణం ఉలకలేదు పలకలేదు, స్లయిడు మారుస్తున్నప్పుడు గాజు అంచు నీడ తెర మీద జరిగితే అది టపటపా స్పందించింది. చుక్క కాదు, ఫలానా వాలులో ఉన్న గీత కదిలితేనే దానికి పని. ఆ పరిశోధనకే 1981లో నోబెల్ వచ్చింది. నాకు ఇప్పటికీ చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది, మనం చూసే కొండ ముందు చిన్న చిన్న గీతలుగా విడిపోయి తరవాత మళ్ళీ కొండవుతోంది.

కదలికకి ప్రత్యేకంగా ఇంకో భాగం ఉంది, వి5 అంటారు. జర్మనీలో ఒకావిడకి ఆ ప్రాంతం రెండువైపులా దెబ్బతింది, 1983లో ఆవిడ గురించి ప్రచురించేరు. రంగులు తెలుస్తాయి, మనుషులు తెలుస్తారు, కదలిక మాత్రం కనిపించదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు కనిపించేది, ఎప్పుడు నిండిందో తెలిసేది కాదు. దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గరగా ఉండేది, రోడ్డు దాటడం నరకం. కన్ను మాత్రం బాగానే ఉంది.

లాసన్స్‌బే
అందరికీ చాలా థాంక్సండీ, మా ఆయనకి ఇదంతా చదివి వినిపించేను. ఇంకో డౌట్ కూడా అడిగేస్తాను. అదే రైల్లో మా చిన్నాడు కిటికీలోంచి చూస్తున్నప్పుడు వాడి మొహం కేసి చూస్తే కళ్ళు రెండూ అదేపనిగా కొట్టుకుంటున్నాయి, పక్కకి మెల్లగా జరుగుతాయి, టక్కున వెనక్కొస్తాయి. ఇంట్లో ఎప్పుడూ అలా చెయ్యడు. భయమేసి బయటకి చూడొద్దని ఇటు తిప్పేసేను.

ఆప్టో అక్క
అయ్యో, హాయిగా చూడనివ్వండమ్మా. నేను ఆప్టోమెట్రిస్టుని, ఇక్కడే ప్రాక్టీసు. కదులుతున్న దృశ్యం చూసేటప్పుడు కన్ను ఒక చెట్టుని పట్టుకుని దానితో పాటు మెల్లగా వెళ్తుంది, అది అందకుండా పోగానే చటుక్కున ముందుకి దూకి ఇంకో చెట్టుని పట్టుకుంటుంది. మీ కళ్ళూ అలాగే చేస్తాయి, మీకు తెలీదు అంతే. నోటితో చెప్పలేని చంటిపిల్లలకి చూపు ఉందా లేదా తెలుసుకోడానికి మేం చారల డ్రమ్ము కళ్ళ ముందు తిప్పి సరిగ్గా దీన్నే చూస్తాం. రైలు దిగేక, ఇంట్లో ఉత్తినే కూర్చున్నప్పుడు కూడా కళ్ళు అలా కొట్టుకుంటే మాత్రం తప్పకుండా చూపించండి.

మన కళ్ళు మామూలుగా కూడా సెకనుకి మూడుసార్లు దాకా దూకుతూనే ఉంటాయి. అద్దం ముందు నించుని మీ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూసుకోండి, కళ్ళు కదలడం మీకు కనిపించదు, పక్కనున్న వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది. దూకే ఆ క్షణంలో వచ్చే అలుకుపోయిన బొమ్మని మెదడు అణిచేస్తుంది.

అన్నిసార్లు ఎందుకు దూకడం అంటే, స్పష్టంగా కనిపించేది చాలా చిన్న మేర. చెయ్యి బారు చాపి బొటనవేలి గోరు చూడండి, సుమారుగా అంత. మిగతాదంతా మసక. రెటీనాలో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలు, రాడ్లు సుమారు 12 కోట్లు, కోన్లు 60 లక్షలు ఉంటే బయటకి వెళ్ళే నరంలో తీగలు 10 లక్షల పైచిలుకు మాత్రమే, అంటే కంట్లోనే బోలెడు వడపోత అయిపోతుంది. ఆ కాస్త సమాచారంతో మెదడు మొత్తం బీచ్‌రోడ్డుని ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా ఉన్నట్టు మనకి చూపిస్తోంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఒక తెల్లకాగితం మీద ప్లస్ గుర్తు గీసి, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో చిన్న బొట్టుబిళ్ళ అంటించండి. ఎడమ కన్ను మూసి కుడి కంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపండి, సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర బొట్టు మాయమవుతుంది. నరం కంట్లోంచి బయటకి వెళ్ళేచోట రాడ్లూ కోన్లూ ఉండవు, అదే బ్లైండ్ స్పాట్. బొట్టు పోయినచోట నల్లగా కన్నం కనిపించిందా? లేదు కదా, తెల్లకాగితమే కనిపిస్తుంది. గళ్ళ కాగితం మీద చేస్తే గళ్ళు కనిపిస్తాయి. మెదడు చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి పూరించేసింది.

నీటికాసుల్లో, అదే గ్లకోమాలో, జరిగేదీ ఇదే. నరం తీగలు మెల్లమెల్లగా పోతూ పక్క చూపు ముక్కలు ముక్కలుగా పోతుంది, పోయినచోట నలుపు కనిపించదు కాబట్టి మనిషికి తెలీదు. చాలామందికి నొప్పి ఉండదు. నేరుగా చూసే చూపు చివరిదాకా ఉంటుంది, చార్టు మీద ఆఖరి వరస కూడా చదివేస్తారు. 'నాకు బాగానే కనిపిస్తోందమ్మా, అద్దాలు మార్చు చాలు' అంటూ వచ్చిన వాళ్ళకి ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ ఎంత మేర కనిపిస్తోందో కొలిచే పరీక్ష, చేస్తే సగం మేర లేకపోవడం నేను చూస్తూనే ఉన్నాను, వాళ్ళకి చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువులకో ఉన్నవాళ్ళు అద్దాల షాపులో పవర్ చూపించుకుని ఊరుకోకుండా కంటి ప్రెషరూ నరమూ చూపించుకోండి.

పెదజాలారిపేట
అక్క చెప్పింది చదివేక మా తాత మాట గుర్తొచ్చింది. రాత్రి వేటకెళ్ళినప్పుడు దూరంగా చిన్న దీపం ఉందా లేదా తెలియాలంటే సూటిగా సూడకురా, కాస్త పక్కకి సూడు అప్పుడే అవుపిస్తాది అనేవోడు. నేను సేసి సూసేను, నిజమే. సూటిగా సూస్తే పోతాది, పక్కకి సూస్తే ఉంటాది. మరి అక్క సెప్పినట్టు మధ్యలోనే కదా బాగా కనిపించాలి?

మద్దిలపాలెం ఫిజిక్స్
మీ తాతగారిది అనుభవంతో వచ్చిన సైన్సు. చూపు నడిమధ్యలో ఉన్నవి కోన్లే, వాటికి వెలుతురు కావాలి. చీకట్లో పనిచేసేవి రాడ్లు, సరిగ్గా నడిమధ్యలో అవి లేవు, పక్కకి పోతే దండిగా ఉంటాయి. ఖగోళం చూసేవాళ్ళు కూడా మసక నక్షత్రాలని ఇలాగే చూస్తారు. రాడ్లు పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్ళీ మొదటికి. ఎర్ర లైటు పెద్దగా చెరపదు, రాడ్లకి ఎరుపు సరిగా అందదు. ఆ రాడ్లలో ఉండే పదార్థం విటమిన్ ఎ నుంచే తయారవుతుంది, అది చాలకపోతే రేచీకటి వస్తుంది.

సింహాచలం మెట్లు
ఒకటి నాది కూడా. పౌర్ణమికి ఆర్కే బీచ్‌లో సముద్రంలోంచి చంద్రుడు పైకొస్తుంటే పళ్ళెం అంత ఉంటాడు, ఫోన్లో తీస్తే శనగగింజంత. ఇదీ మెదడేనా?

మద్దిలపాలెం ఫిజిక్స్
మెదడే. చంద్రుడి వెడల్పు ఎక్కడున్నా సుమారు అర డిగ్రీయే. చెయ్యి చాపి చిటికెనవేలి గోరు అడ్డం పెట్టండి, సముద్రం మీద ఉన్నప్పుడూ కప్పేస్తుంది, నడినెత్తిన ఉన్నప్పుడూ కప్పేస్తుంది. నీళ్ళూ పడవలూ డాల్ఫిన్స్ నోస్ కొండా పక్కనుంటే దూరంలో ఉన్నాడు కాబట్టి పెద్దవాడని మెదడు లెక్కేస్తుందని ఒక వాదన, దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తేలలేదు.

ఎంవీపీ కాలనీ
ఇక్కడ అడగొచ్చో లేదో గానీ, మా మామ్మకి 84 ఏళ్ళు, రెండు కళ్ళలోనూ మధ్య చూపు పోయింది, మాక్యులా, అదే రెటీనా నడిమధ్య భాగం, పాడయిందన్నారు. ఈ మధ్య సాయంత్రం పూట గుమ్మంలో పిల్లలు నించున్నారు, ఆకుపచ్చ పరికిణీలు కట్టుకున్నారు అంటోంది. మాటాడరట. తనకే తెలుసు అక్కడ ఎవరూ లేరని, అయినా కనిపిస్తున్నారే అంటోంది. ఇంట్లో పెద్దవాళ్ళు గాలీ ధూళీ అంటున్నారు, బాబాయి మతి తప్పుతోందేమో అంటున్నాడు. మామ్మ మాత్రం చాలా తెలివిగా ఉంది, లెక్కలన్నీ నోటితోనే చెప్తుంది. ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలుతోంది.

ఆప్టో అక్క
మామ్మగారిని నువ్వు దగ్గర కూర్చుని చెప్పు తల్లీ, ఇది దెయ్యమూ కాదు, పిచ్చీ కాదు. చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. 1760లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు బోనే తన తాతగారి గురించి రాసేడు, చూపు తగ్గిన ఆ పెద్దాయనకి మనుషులు, పక్షులు, భవనాలు కనిపించేవి, అవి నిజం కావని ఆయనకి తెలుసు. కంటి నుంచి వార్తలు రావడం తగ్గిపోతే చూపుకి సంబంధించిన మెదడు భాగాలు ఖాళీగా ఊరుకోవు, తమంతట తామే పనిచేస్తాయి. 1998లో లండన్‌లో ఇలాంటివాళ్ళ మెదడుని స్కాన్ చేస్తే, మొహాలు కనిపించేటప్పుడు మొహాలని గుర్తుపట్టే భాగమే పనిచేస్తోందని తేలింది. అంచేత మామ్మగారు చెప్తున్నది అబద్ధం కాదు, నిజంగానే చూస్తున్నారు.

మాటలు వినిపించకపోవడం, నిజం కాదని తనకే తెలియడం దీని గుర్తులు. సాయంత్రం లైట్లు ముందే వెయ్యండి. కనిపించినప్పుడు కళ్ళు గట్టిగా ఆర్పమను, చూపు అటూ ఇటూ తిప్పమను, చాలామందికి పోతుంది. కొత్త మందులేవైనా మొదలెట్టేరా, జ్వరం గానీ యూరిన్ ఇన్ఫెక్షన్ గానీ ఉందా అన్నది డాక్టరు చూడాలి కాబట్టి కంటి డాక్టరుకీ ఫిజీషియన్‌కీ ఇద్దరికీ చెప్పండి. మాటలు కూడా వినిపిస్తున్నాయంటే, లేదా ఉన్నారనే నమ్ముతుంటే వెంటనే తీసుకెళ్ళండి.

ఎంవీపీ కాలనీ
మామ్మకి మొత్తం చదివి వినిపించేను అక్కా. ఆ స్విట్జర్లాండ్ తాతగారికి కూడానా అని రెండుసార్లు అడిగింది. బాబాయి గురువారం డాక్టరు దగ్గరకి తీసుకెళ్తానన్నాడు.

సీతమ్మధార
ఆప్టో అక్కా, మీ పోస్టు చదివి నాన్నగార్ని బలవంతంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేను. ఈ మధ్య స్కూటరు గేటుకి ఎడమవైపే రాస్తున్నారు, గుమ్మం చెక్కకి ఎడమ భుజం తగులుతోంది, వయసు అనుకున్నాం. ఫీల్డ్ టెస్ట్‌లో రెండు కళ్ళకీ ఎడమ పక్క చాలా మేర నల్లగా వచ్చింది, గ్లకోమా అన్నారు, చుక్కలు మొదలెట్టేరు. నాన్నగారికి ఆ రిపోర్టు చూపిస్తే నమ్మట్లేదు, నాకంతా కనిపిస్తోంది కదా అంటారు. బొట్టుబిళ్ళ పరీక్ష చేయించేకే కాస్త ఆలోచనలో పడ్డారు. చుక్కలు మంటగా ఉన్నాయని మానేస్తానంటున్నారు, ఏం చెప్పమంటారు?

ఆప్టో అక్క
మానొద్దు అని గట్టిగా చెప్పండి. మంట బాగా ఉంటే డాక్టరుని అడిగితే వేరే రకం ఇస్తారు, తమంతట తాము ఆపేస్తే ప్రెషరు మళ్ళీ పెరుగుతుంది. వేసేటప్పుడు కింద రెప్ప లాగి ఒక్క చుక్కే వెయ్యాలి, కళ్ళు మూసుకుని ముక్కు పక్క మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మందు గొంతులోకి దిగిపోతుంది. రెండు రకాలు ఇస్తే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. రోజూ ఒకే టైముకి, ఫోన్లో అలారం పెట్టేయండి. రెండు కళ్ళకీ ఒకే వైపు లేదన్నారు కాబట్టి ఆ ఫీల్డ్ కాగితం తీసుకెళ్ళి, ఇదంతా గ్లకోమా వల్లేనా, తల స్కాన్ ఏమైనా కావాలా అని డాక్టరుని ఒకసారి అడగండి, ఒకే పక్క పోయినప్పుడు కంటి వెనక దారి కూడా చూసుకోవడం మంచిది. స్కూటరు అప్పటిదాకా మీరే నడపండి. నాన్నగారి తోబుట్టువులు ఎవరున్నా, మీరూ మీ అన్నదమ్ములూ కూడా ఒకసారి ప్రెషరూ నరమూ చూపించుకోండి, రిపోర్టు వచ్చేక ఇక్కడ పెడితే చూస్తాను.